లోతూరు పిల్లల వంగతోట

1

పశ్చిమ సొరంగంలో ఒక దీపం మిణుకుమిణుకుమంటోంది. మార్చాను. మిగతావన్నీ బాగున్నాయి.

మామూలుగా ఇక్కడితో ఆపేస్తాను. దీపాల గది దినచర్యలో రాయాల్సింది అంతే: ఏ దీపం వెలుగుతోంది, ఏది ఆరింది. నాకు ముందు ఈ గది చూసిన మా నాయన జీవితమంతా అంతకు మించి ఒక్క ముక్క రాయలేదు. కానీ ఇవాళ లసుమక్క వచ్చింది. నేల కింద పాత బొగ్గుగనిలో ఉండే మా లోతూరుకు పెద్ద ఆవిడే. గాలి, నీళ్లు, తిండి, తవ్వకం అన్నీ ఆమె మాట మీదే నడుస్తాయి. అలాంటి మనిషి నా గదికి స్వయంగా వచ్చిందంటే దీపాలు కావాలన్నమాట.

ఈసారి దీపాలతో పాటు నన్ను కూడా అడిగింది.

చలికాలంలో పైకి వెళ్లొచ్చిన జట్టు ఒక గాజు సీసా తెచ్చింది. ఎండకు మాడి కూలిన ఇళ్ల మధ్య ఒక నేలమాళిగలో దొరికిందట. మూత గట్టిగా బిగించి ఉంది. లోపల బూడిద, ఆ బూడిదలో విత్తనాలు. సీసాకు అంటించిన కాగితం మీద 'వంకాయ' అని రాసి ఉంది.

"వంకాయ అంటే రంగు గదక్కా?" అన్నాను.

"రంగు గాదు, కాయ. తింటరట. ఆ కాయను జూసే రంగుకు ఆ పేరు వెట్టిండ్రట. మనకు రంగు మిగిలింది, కాయ పోయింది," అంది లసుమక్క.

పెద్దవాళ్లంతా నీటి సొరంగం తవ్వుతున్నారు. ఉన్న ఊట తగ్గిపోతోంది, కొత్త ఊటను అందుకోవాలి. చేతులు ఖాళీగా ఉన్నది చదువుల గది పిల్లలకే.

"పోరగాండ్లను ఎంట వెట్టుకో, ఓదెలూ. మొలిపియ్యి. తవ్వకం గట్టిరాయి కాడికి వచ్చేదాక పెద్ద దీపాలు నీ దగ్గర్నే ఉంటయి. తర్వాత నాకు గావాలె."

"మొక్కల గురించి నాకేం ఎర్కలేదక్కా."

"ఎవ్వలికున్నదిరా ఎర్క?" అంది, వెళ్లిపోయింది.

2

దీపాలు సవ్యం.

పూర్వం బొగ్గు బండ్లు మలుపుకునే పెద్ద గది మాకు ఇచ్చారు. పిల్లలు వచ్చారు. గోలగోలగా, తోసుకుంటూ. వాళ్లలో ముగ్గురి గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ముగ్గురే నన్ను నిలవనివ్వరు. ముత్యాలు అనే పిల్లాడు, ప్రతిదానికీ లెక్క కట్టందే ఊరుకోడు. గోద, పూర్తి పేరు గోదావరి, చేతులు ఒక్క క్షణం ఖాళీగా ఉంచుకోలేని పిల్ల. దాని చెల్లెలు చిట్టి. అందరికంటే చిన్నది, అక్క కొంగు వదలదు.

రాతిపొడిలో తిండితొట్ల అడుగు మడ్డి కలిపి మట్టి చేశాం. ఆ కంపుకు పిల్లలు ముక్కులు మూసుకున్నారు. మేం రోజూ తినే ముద్ద ఆ తొట్లలోనే తయారవుతుంది. తినేటప్పుడు లేని అసహ్యం చేత్తో పిసికేటప్పుడు వచ్చింది.

"దీంట్లకెల్లి వచ్చిందాన్ని తినాల్నా మామా?" అంది గోద.

"తినాలె."

"నేను తిన."

విత్తనాల్లో సగం దాచుదామనుకున్నాను. ముత్యాలు ఒప్పుకోలేదు. అన్నేళ్ల పాత విత్తనాల్లో ఏది బతికి ఉందో, ఏది చచ్చిందో తెలియదు. సగం వేస్తే ఒక్కటీ మొలవకపోవచ్చు అన్నాడు. నిజమే అనిపించింది. మొత్తం వేసేశాం. సీసా అడుగున బూడిద తప్ప ఏమీ మిగల్లేదు.

3

పిల్లలు రోజూ తడిపారు. మట్టి మట్టిలాగే ఉంది. చూసి చూసి కొందరు రావడం మానేశారు.

ఇవాళ చిట్టి కేక విని పరుగెత్తాను. రాయి గానీ పడిందా అనుకున్నాను. అది మడి దగ్గర నుంచి వెనక్కి జరిగి, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మామా, అగో, అది లేచింది! నిన్న లేదు. ఇయ్యాల లేచింది!"

వంగి చూశాను. మట్టి పెళ్ల ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని కింద నుంచి దారప్పోగంత సన్నటి కాడ ఒకటి, వంగిన మెడతో, విత్తనం తొక్కను నెత్తిన పెట్టుకుని పైకి వస్తోంది. ఎవరూ లాగలేదు. ఎవరూ నెట్టలేదు. ఆ పెళ్ల దానికంటే ఎన్నో రెట్లు బరువుంటుంది.

నేను రాళ్లను పేల్చడం చూశాను. కప్పు కూలడం చూశాను. దేన్నీ ఇలా నేలకు ముఖం ఆనించి చూడలేదు.

"కరుస్తదా?" అంది చిట్టి గోడ దగ్గర్నుంచే.

"కరువదు బిడ్డా."

"మరి ఎందుకు వస్తాంది?"

సాయంత్రానికి ఊళ్లోని పిల్లలంతా ఆ గదిలోనే ఉన్నారు.

4

రెండు దీపాల కొక్కేలు వదులయ్యాయి, బిగించాను.

మొలిచినవి తక్కువే. అయినా మూడు మడులు నిండాయి. ఆకులు అరచేతులంత అయ్యాయి, మీద నూగు, ఈనెల మీద చిన్న ముళ్లు. కరుస్తదా అన్న చిట్టి మాట అబద్ధం కాలేదు, ముత్యాలు వేలికి గుచ్చుకుంది. వాడు ఏడవకపోగా తిరిగి అందరికీ చూపించాడు.

పిల్లలు పని పంచుకున్నారు. వాళ్లలో పెద్దవాళ్లు నీళ్లు మోస్తారు. చిన్నవాళ్లు మొక్క మొక్క దగ్గరా కూర్చుని ఆకుల మీద రాతిదుమ్ము తుడుస్తారు. నేను దీపాలు పైకి కిందికి జరుపుతాను. మొక్కలు ఒరిగిపోతుంటే ఒక్కో మడి మీదుగా విడివిడిగా ఇనుప తీగలు బిగించి లాగి, ఒక్కో మొక్కను దానికి గుడ్డపీలికతో కట్టాం.

తీగ కట్టిన రోజు నుంచే గోదతో తలనొప్పి మొదలైంది. వేలితో తీగను లాగి వదులుతుంది. 'జుంయ్' మని గదంతా మోగుతుంది. దానికి అదే ఆట. మొక్కలు గజగజ వణుకుతాయి.

"పోరీ, చెట్లు విరుగుతయ్! ముట్టకు!" అని అరిచాను.

చేతులు వెనక్కి పెట్టుకుంది. నేను అటు తిరగ్గానే మళ్లీ జుంయ్.

5

పువ్వు.

అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. మా ఆడవాళ్లు వంకాయ రంగు బట్ట అని నేసేది ఒకటుంది. దాన్ని చూసి రంగు తెలుసనుకున్నాం. ఈ పువ్వు రేకులు ఆ బట్టకు దగ్గరే, కానీ బట్టలో వెలుగుండదు. ఇందులో ఉంది. మధ్యలో పసుపుపచ్చటి ముద్దలు, బుజ్జి వేళ్లను కలిపి పట్టుకున్నట్టు. పువ్వు నేల చూస్తూ వేలాడుతోంది. దాన్ని చూడాలంటే మనమే వంగాలి.

తవ్వకం పని దిగిన వాళ్లు, ఒళ్లంతా బొగ్గుమసితో, వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి వంగి చూసి వెళ్లారు. గోద వాళ్లమ్మ మాత్రం బయటికి వెళ్తూ నన్ను ఆపి, "ఓదెలన్నా, పైన ఇట్లాంటివి అంతటా ఉండేటియా?" అని అడిగింది.

ఉండేవట అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. నమ్మలేదు.

6

పూలు రాలిపోతున్నాయి.

మొదట ఒకటి రాలితే గదిలోకి గాలి తోసే మర వేగం తగ్గించాం. తర్వాత నీళ్లు తగ్గించాం, పెంచాం. మడ్డి ఎక్కువేశాం. పూస్తాయి, కొన్ని రోజులు వేలాడతాయి, కాడ పసుపెక్కి ఊడి పడతాయి. కాయ లేదు. పిందె కూడా లేదు. పిల్లలు పొద్దున్నే వచ్చి రాలిన పూలు ఏరి, మూలన రాతి మీద పరుస్తున్నారు. ఆ కుప్ప పెరుగుతోంది.

కాయ లేకపోతే విత్తనం లేదు. సీసా ఖాళీ. ఈ మొక్కలు ముదిరి ఎండితే లోతూరులో వంకాయ మళ్లీ ఒట్టి రంగే.

ముత్యాలు నిద్ర మానేసినట్టున్నాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అన్నీ వేద్దామన్నది నేనే గదా మామా," అన్నాడు.

"నేను సరేనన్న గదరా. ఇద్దరం కలిసే చేసినం," అన్నాను. వాడు వినిపించుకోలేదు.

ఇదంతా చాలదన్నట్టు, పూత వచ్చాక మానేసిన తీగ వాయింపు గోద మళ్లీ మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఉన్న పూలు గూడ నువ్వే రాలగొడ్తవా!" అనేశాను. పిల్లలందరూ దానివైపు తిరిగారు. దాన్ని ఆ చివరి మడికి పంపించేశాను, ఇటు రావద్దని. ఆ మడిలో మొక్కలు ఎలాగూ పీలగా ఉన్నాయి. అక్కడ ఏం చేసుకుంటే అది చేసుకోమన్నాను.

మూతి ముడుచుకుని వెళ్లింది. ఆ మూల నుంచి రోజంతా జుంయ్, జుంయ్.

7

లసుమక్క కబురు పంపింది. తవ్వకం గట్టిరాయి దగ్గరికి వచ్చింది. త్వరలో దీపాలు ఇచ్చేయాలి.

పిల్లలకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ గదిలోకి వెళ్లాను. చివరి మడి దగ్గర గోద, చిట్టి ఒక మొక్క కింద తలలు పెట్టి పడుకుని ఉన్నారు.

"మామా, ఇది పువ్వు కాదు," అంది గోద. "పువ్వు ఎండింది గని కాడ ఊడలే. లావయింది."

నేనూ నేల మీద పడుకుని చూశాను. ఎండిన రేకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. వాటి వెనక, ముళ్లున్న ఆకుపచ్చ టోపీలో నుంచి, నిగనిగలాడుతూ, చిట్టి బొటనవేలి గోరంత ఒకటి తొంగి చూస్తోంది.

పిందె. పక్క మొక్కకు ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. ఆ పీల మడి నిండా పిందెలే. మిగతా రెండు మడుల్లో ఒక్కటి లేదు.

ముత్యాలు పరుగెత్తుకొచ్చి రెండు మడుల మట్టి వాసన చూశాడు, నాకి చూశాడు. నీళ్లు ఒకటే, మడ్డి ఒకటే, దీపమూ ఒకటే. "ఏం తేడా? ఏం తేడా?" అని తనలో తానే గొణుక్కుంటున్నాడు.

"మా అక్క ఉన్నది," అంది చిట్టి. "ఇక్కడ అక్క ఉన్నది. అక్కడ లేదు."

పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

8

గదిలో దీపాలన్నీ ఆర్పించి, ఒక్క దీపాన్నే చేతపట్టుకుని మధ్య మడి పక్కన కూర్చున్నాను. వెలుగు పువ్వుకు ఓరగా తగిలేలా పెట్టాను. పిల్లలు చుట్టూ చేరారు. గోద మాత్రం రానంది.

"నువ్వే తిట్టినవ్ గదా."

"తిట్టిన. నాదే తప్పు. రా బిడ్డా, ఒక్కసారి వాయించు."

"గట్టిగనా, మెల్లగనా?"

"నీకెట్ల నచ్చితే అట్ల."

వచ్చింది. తీగను రెండు వేళ్లతో పట్టి, వెనక్కి లాగి, వదిలింది. జుంయ్. మొక్క వణికింది. పువ్వు వణికింది. దాని మధ్యలోని పసుపు వేళ్ల కొసల నుంచి సన్నటి పొడి రాలింది. వెలుగు దారిలో అది కిందికి పడలేదు, నిలిచింది. బంగారు పొగలా తేలుతూ, మెల్లగా తిరుగుతూ, పువ్వు మీదే మళ్లీ వాలింది.

ఆ మోత ఆగేదాకా మేం కదల్లేదు.

"అదేంది?" అన్నాడు ముత్యాలు గుసగుసగా.

దాని పేరు నాకు తెలియదు. ఆ పొడి ఎప్పటి నుంచో ఆ వేళ్లలో దాగి ఉంది. ఎవరో ఒకరు వచ్చి కదిలిస్తే గాని బయటికి రాదు. పైన గాలి కదిలించేదేమో, రెక్కల పురుగులు కదిలించేవేమో. ఇక్కడ గాలి మేం వదిలినంతే, పురుగుల్లేవు. ఇక్కడ గోద ఉంది.

"ఇంకోసారి," అన్నాను.

తర్వాత పిల్లలంతా తీగల మీద పడ్డారు. ఒక్కో తీగ బిగువు ఒక్కోలా ఉంటుంది, ఒక్కోలా మోగింది. గది మొత్తం మూలిగినట్టు, పాడినట్టు, పైన రాతిలో ఏదో కదిలినట్టు ఆ మోత సొరంగాల్లోకి పోయింది. తవ్వకం దగ్గర పనిచేసేవాళ్లు కప్పు కూలుతోందనుకుని సుత్తులు పడేసి పరుగెత్తారట.

9

లసుమక్క కోపంగా వచ్చింది. "పని ఆపించిండ్రు! ఏం ఆటలివి?"

నేను నోరు తెరిచేలోపు గోద ఆమె చేయి పట్టి లాక్కెళ్లింది. "పెద్దమ్మా, వంగు. ఇంకా వంగు." లోతూరులో లసుమక్కను అలా లాగిన మనిషి లేడు. వంగింది. ముత్యాలు దీపం పట్టాడు. గోద తీగ లాగింది.

పొడి లేచింది. లసుమక్క ముక్కులోకి పోయి గట్టిగా తుమ్మింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. ముఖం తుడుచుకోకుండా, ముక్కు కొసన పసుపుతో, అలాగే వంగి ఉంది.

"మళ్లొకసారి," అంది.

చాలాసేపటికి లేచి నన్ను పక్కకు పిలిచింది. "ఓదెలూ, నీళ్లు లేకుంటే ఇవి కూడ ఉండయి. దీపాలు తీసుకపోక తప్పది."

"తెలుసక్కా."

"రెండు మడులకు ఉంచుత. ఒక మడివి తీసుకపోత. ఏ మడివి తియ్యాల్నో వాళ్లనే చెప్పమను."

పిల్లలకు చెప్పాను. ముత్యాలు మడుల మధ్య అటూ ఇటూ నడిచాడు. ఏపుగా ఉన్న మొదటి మడి వాడిదే, వాడు నాటిందే. కాయలు కాస్తున్నది చివరిది. మధ్య మడి పూల మీద పొడి వాలడం కళ్లారా చూశాం, కాయ కడుతుందో లేదో తెలియదు. చివరికి మొదటి మడి దగ్గర ఆగి, "దీన్ని తియ్యండి," అన్నాడు. అని, ఎవరికీ కనబడకుండా గోడవైపు తిరిగాడు.

10

తవ్వకానికి వెళ్లిన దీపాలు బాగా పనిచేస్తున్నాయని కబురు. కొత్త ఊట అందింది. రాయి నుంచి నీళ్లు చిమ్మాయట.

మొదటి మడి పోయింది. ఆకులు పాలిపోయి, ఒకటొకటిగా వాలిపోయాయి. ముత్యాలు చివరిదాకా దానికి నీళ్లు పోశాడు. వద్దని నేను చెప్పలేదు.

మధ్య మడికి పిందెలు పట్టాయి. చివరి మడిలో కాయలు చేతికి వచ్చాయి. నల్లగా, ఊదాగా, నూనె రాసినట్టు. దీపం వాటిలో కనిపిస్తుంది, పిల్లల ముఖాలు కూడా. మొదటి కాయ కోసిన రోజు ఎలా వండాలో ఎవరికీ తెలియలేదు. ఉప్పు నీళ్లలో ఉడికించాం. చిన్న చిన్న ముక్కలు చేసి అందరి చేతుల్లో పెట్టాం.

ఎప్పుడూ ఒకే ముద్ద తిన్న నోళ్లు మావి. ఆ ముక్క నాలుక మీద పెట్టగానే కరిగింది. మెత్తగా, కొంచెం వగరుగా, వెనకాల ఎక్కడో తియ్యగా. మడ్డి పిసికిన రోజు తిననన్న గోద కళ్లు మూసుకుని చప్పరించింది. చిట్టి మాత్రం ఉమ్మేసింది.

"చేదుగున్నది!"

"నాకియ్యి," అని నలుగురు చేతులు చాపారు. అది ఆ నమిలిన ముక్కనే మళ్లీ నోట్లో పెట్టేసుకుంది.

11

దీపాలు సవ్యమో కాదో ఇవాళ చూడలేదు.

ఒక కాయను కోయవద్దని పిల్లలే నిర్ణయించుకున్నారు. చేయి వేయబోయిన వాళ్లను వంతులవారీగా కాపలా కాసి తరిమారు. ఆ కాయ ముదిరింది, రంగు దిగింది, పసుపుపచ్చగా మారి తోలులా అయింది. ఇవాళ కోశాం. లసుమక్క కూడా వచ్చి మా మధ్య నేల మీద కూర్చుంది. కత్తి నా చేతిలో ఉంది, కాయ మధ్యలో దించాను.

రెండుగా చీలింది. లోపలంతా విత్తనాలే. వరుసలు వరుసలుగా, కండలో పొదిగినట్టు, పసుపు రవ్వల్లా. ముత్యాలు వాటిని నీళ్ల గిన్నెలో కడిగి బట్ట మీద పరిచాడు. పరుస్తూనే ఉన్నాడు. మేం సీసా మొత్తం బోర్లించినా ఇన్ని లేవు. ఇది ఒక్క కాయ.

"ఒక్కొక్కటి ఒక చెట్టయితది గదా మామా?" అన్నాడు.

"అన్నీ గాకున్నా, చానా అయితయి."

"ఒక్కో చెట్టుకు గిన్ని కాయలు. ఒక్కో కాయల గిన్ని ఇత్తులు." సుద్దముక్క తీసి గోడ మీద లెక్క మొదలుపెట్టాడు. రాశాడు, కొట్టేశాడు, కింద రాశాడు, పక్క గోడకు వెళ్లాడు. ఉన్నట్టుండి ఆగిపోయి నెమ్మదిగా కూర్చున్నాడు. ముఖం తెల్లబోయింది.

"ఏమైందిరా?"

"నాకొచ్చిన లెక్క అయిపోయింది మామా."

లసుమక్క ఒక విత్తనాన్ని వేలికొసతో అద్ది, కళ్ల దగ్గర పెట్టుకుని చూస్తోంది.

గోద అడిగింది: "మనకెంత జాగ ఉన్నది?"

నేను లసుమక్క వైపు చూశాను. ఆమె లేచి, పెద్ద దీపం ఒకటి తీయమని సైగ చేసింది.

గది వెనక పాత సొరంగం ఉంది. బొగ్గు అయిపోయాక మా తాతల కాలంలో దానికి పలకలు కొట్టి మూసేశారు. పిల్లల్ని అటు పోనివ్వం, తప్పిపోతారని భయం. ఇద్దరం కలిసి పలకలు ఊడదీశాం. చల్లటి పాత గాలి ముఖానికి కొట్టింది. దీపం ఎత్తి పట్టాను. వెలుగు నేల మీద పరుచుకుని, రెండు గోడల మీదా పాకి, ముందుకు పోయి పోయి చీకట్లో కలిసిపోయింది. చివర కనిపించలేదు. పక్కకు ఇంకో సొరంగం నోరు. దాని పక్కన ఇంకోటి.

"అటెంక ఏమున్నది?" అంది చిట్టి.

"ఇదే. ఇట్లనే ఉన్నది."

"అంతనా?"

"అంత."

పిల్లలు ఒకరి చేతులు ఒకరు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ముందుగా గోద కదిలింది. నాలుగడుగులు వేసి, మడమతో దుమ్ములో ఒక గీత గీసింది, అడ్డంగా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. మడి గీత. దాన్ని దాటి ఇంకొంచెం దూరం వెళ్లి ఇంకో గీత. ముత్యాలు వెనకే పరుగెత్తి, వంకర పోతున్నావని పోట్లాడుతూ సరిచేశాడు. మిగతావాళ్లూ దూరారు. గీతలు గీసుకుంటూ, అరుచుకుంటూ, వెలుగు అంచు దాకా వెళ్లి అక్కడ ఆగి నావైపు తిరిగారు.

"మామా, దీపం!"

దీపం ఎత్తుకుని వాళ్ల వెనక నడిచాను.